సౌత్ స్ట్రీట్ సీపోర్ట్ మ్యూజియం: ఓడ ఎక్కకుండా వెనక్కి రాకండి

న్యూయార్క్‌లో సీపోర్ట్ అనే పాత రేవు పేట చూసొచ్చామని చెప్పే మనవాళ్ళలో చాలామంది మ్యూజియం గడప తొక్కలేదు. రాళ్ళు పరిచిన వీధిలో నడిచి, నదిలోకి కట్టిన పియర్ 17 పైకెక్కి, వెనకాల బ్రూక్లిన్ బ్రిడ్జి పడేలా నాలుగు ఫోటోలు దిగి, ఐస్‌క్రీమ్ తిని, కారెక్కి వచ్చేస్తారు. వాళ్ళననడానికీ లేదు. అక్కడ కంటికి ముందు కనబడేవి షాపులూ రెస్టారెంట్లే. మ్యూజియం ఉందని తెలిసినవాళ్ళే వెతుక్కుని వెళ్తారు. ఆ షాపులున్న పాత భవనాలు ఇంకా నిలబడి ఉన్నాయంటే అది ఈ మ్యూజియం పుణ్యమేనన్న సంగతి అక్కడ తిరిగేవాళ్ళలో ఎందరికి తెలుసో!

ఈసారి వేసవికి మా అత్తయ్యగారు, మావయ్యగారు భీమిలి నుంచి వచ్చారు. లిబర్టీ విగ్రహం అయింది, టైమ్స్ స్క్వేర్ అయింది, నయాగరా అయింది. ఎత్తు భవనాలంటే మావయ్యగారికి మొహం మొత్తింది. "ఇంకేటి చూపిస్తావమ్మా?" అని నవ్వుతూనే అడిగారు కానీ, ఇక చాలు అన్నట్టే ఉంది. ఆయన చిట్టివలస జూట్ మిల్లులో వీవింగ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆ మిల్లు ఇప్పుడు మూతపడింది. మన ఇండియా నుంచి నార మోసిన ఓడొకటి ఇక్కడుంది, చూద్దామా అన్నాను. మర్నాడు పొద్దున్న అందరికంటే ముందు తయారై కూర్చున్నారు.

ఓడ పేరు వేవర్‌ట్రీ. పియర్ 16 దగ్గర ఈస్ట్ రివర్‌లో కట్టేసి ఉంటుంది. 1885లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో కట్టారు. మూడు తెరచాప స్తంభాలు, ఇనుప ఒళ్ళు, ముందుకు పొడుచుకొచ్చిన కొయ్యతో కలిపి 325 అడుగుల పొడవు. అప్పటికి సూయజ్ కాలువ తెరిచి పదహారేళ్ళయింది. తొందరగా చేరాల్సిన సరుకంతా పొగ ఓడలకి వెళ్ళిపోయింది. ఆలస్యమైనా పాడవని బరువు సరుకులే తెరచాప ఓడలకి మిగిలాయి. అలాంటి సరుకుల్లో జనపనార ఒకటి. బెంగాల్ వైపు నుంచి స్కాట్లాండ్‌లోని డండీ మిల్లులకి నార చేరవేయడానికే దీన్ని కట్టారు. తర్వాత ఏ సరుకు దొరికితే ఆ సరుకుతో ప్రపంచమంతా తిరిగింది. 1895లో ఒకసారి న్యూయార్క్ రేవుకీ వచ్చింది.

1910 డిసెంబరులో దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ దగ్గర తుపానుకి స్తంభాలు విరిగిపోయాయి. ఎలాగో ఫాక్లాండ్ దీవులకి చేరింది. బాగుచేయించే ఖర్చు దండగనుకున్నారు ఓనర్లు, అమ్మేశారు. చిలీలోని పుంటా అరెనాస్‌లో కొన్ని దశాబ్దాలు తేలే గోడౌన్‌గా పడి ఉంది. 1947 నుంచి బ్యూనస్ అయిరస్‌లో ఇసుక మోసే బార్జ్ అయింది. అంత గొప్ప ఓడ చివరికి ఇసుక మోసిందా అని మావయ్యగారు అడిగారు. మోసింది మరి. ఆ ఇసుక పనే కాపాడింది కూడా. ఏదో ఒక పనికొస్తోంది కాబట్టి ఎవరూ ముక్కలు చేసి తుక్కుకి అమ్మలేదు. అక్కడి కూలీలకి దీని పాత వైభవం తెలుసు, "ఎల్ గ్రాన్ వెలేరో" అనేవాళ్ళట, పెద్ద తెరచాప ఓడ అని. 1960ల్లో శాన్ ఫ్రాన్సిస్కో నౌకా మ్యూజియం మనిషి కార్ల్ కోర్టమ్ కంట పడింది. అప్పుడే కొత్తగా పుట్టిన ఈ మ్యూజియం 1968లో కొనేసి, 1970లో టగ్గుతో లాక్కొచ్చింది.

ఎక్కాక చూడాల్సింది పైన డెక్కు కాదు. స్తంభాలూ తాళ్ళూ ఫోటోలకి బాగుంటాయి, చుక్కాని చక్రం దగ్గర పిల్లలు కదలరు, అదంతా సరే. కిందికి దిగి సరుకు గది చూడండి. చిన్న మెట్లు దిగి ఒక వేదిక లాంటి దానిమీద నిలబడితే కింద, ముందు, వెనక అంతా ఖాళీ. ఓడ మొత్తం ఒకే గది. పక్కన ఇనుప పక్కటెముకలు వరసగా వంగి పైకెళ్తుంటాయి, వాటికి కొట్టిన రివిట్లు వేలితో తడిమి చూడొచ్చు. వెల్డింగ్ లేని కాలం, ఒక్కో రివిట్టూ మనిషి కొట్టిందే. మాట్లాడితే గొంతు మోగుతుంది. మా చిన్నాడు అరిచి చూసి, ఇంకోసారి అరిచాడు.

మావయ్యగారు మాత్రం కటకటాల మీద చేతులేసి కిందికే చూస్తున్నారు. పెదాలు కదుల్తున్నాయి. "బేలు నూట ఎనభై కిలోలమ్మా. పొడవు ఇంత, ఎత్తు ఇంత" అని చేతులతో కొలిచి చూపించి, "అడుగున ఎన్ని పడతాయో లెక్కెడతన్నాను" అన్నారు. అక్కడ పనిచేసే పెద్దాయన ఒకాయన, వాలంటీరు, ఇదంతా చూసి దగ్గరికొచ్చారు. ఈయన జూట్ మిల్లులో చేశారండీ అని చెప్పాను. ఇక చూడాలి వాళ్ళిద్దరినీ! మధ్యలో నేను దుబాసీని.

డండీలో నార మెత్తబడటానికి తిమింగలం నూనె వాడేవాళ్ళని వాలంటీరు చెప్పారు. డండీ తిమింగలాల వేటకీ రేవేనట, అందుకే అక్కడ నార మిల్లులు కుదురుకున్నాయట. మావయ్యగారు వెంటనే తలూపారు. "మాకు తిమింగలం లేదు గానీ, బ్యాచింగ్‌లో నూనె, నీళ్ళు కలిపి కొట్టీవోళ్ళు. లేపోతే నార పెళుసెక్కి మెషిన్లో తెగిపోతాది" అన్నారు. అది ఇంగ్లీషులో చెప్పేసరికి ఆ వాలంటీరు జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. మా వైపు నార అసలు జనుము కాదు, గోగునార అని, బయటి మార్కెట్లో దాన్నే బిమ్లిపటం జూట్ అనేవాళ్ళని కూడా చెప్పించారు మావయ్యగారు. ఆ బిమ్లి మా భీమిలే. భీమిలిలో ఓడ ఒడ్డుకి ఆనేది కాదు, దూరంగా లంగరేసి ఉంటే మేకు లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన మసులా పడవల్లో సరుకు వేసి అలలు దాటించేవారు. ఆ సంగతి విని ఆయన ఇంకో పేజీ తిప్పారు.

ఓడ ఇంత శుభ్రంగా ఉందంటే కారణం 2015-16లో జరిగిన మరమ్మతు. స్టేటెన్ ఐలండ్‌లో, ఓడల్ని నీళ్ళ పైకి తీసి బాగుచేసే డ్రైడాక్‌లో ఏడాదికి పైగా పెట్టి, దాదాపు 1.3 కోట్ల డాలర్ల నగర నిధులతో బాగుచేశారు. అలా ప్రతి ఓడకీ కుదరలేదు. పక్కనే పెకింగ్ అని ఇంకో పెద్ద తెరచాప ఓడ ఉండేది, 1911లో హాంబర్గ్‌లో పుట్టింది. దాన్ని పోషించలేక జర్మనీకే పంపేశారు, అక్కడ బాగుపడి 2020లో సొంత రేవు చేరింది. ఇచ్చేశారని నొచ్చుకున్నవాళ్ళున్నారు కానీ నా దృష్టిలో మంచి పనే. రెండిటినీ పట్టుకుని రెండిటినీ తుప్పు పట్టించడం కంటే నయం.

ఇప్పుడు భవనాల సంగతి. ఇది కొంచెం లెక్కల వ్యవహారం, అయినా చెప్తాను, ఎందుకంటే అక్కడ గోడల మీద ఇది చదివాకే ఆ వీధులు నాకు అర్థమయ్యాయి.

పెర్ల్ స్ట్రీట్, వాటర్ స్ట్రీట్, ఫ్రంట్ స్ట్రీట్, సౌత్ స్ట్రీట్. ఈ నాలుగూ నది వైపు వరసగా ఉంటాయి. మొదట్లో ఒడ్డు పెర్ల్ స్ట్రీట్ దగ్గరే. ఆ తర్వాత మట్టీ చెత్తా పోసి ఒడ్డుని ముందుకు జరుపుతూ పోయారు, జరిగినప్పుడల్లా కొత్త వీధి. పీటర్ షెర్మర్‌హార్న్ అనే వర్తకుడు అలా పూడ్చిన నేల మీద 1810-12 మధ్య ఇటుకలతో వరసగా కట్టించిన కొట్లే ఇప్పుడు షెర్మర్‌హార్న్ రో. ఫుల్టన్ స్ట్రీట్ మీద నిలబడి పైకి చూడండి, ఏటవాలు కప్పులు, పొడుగాటి పొగగొట్టాలు, వాటి వెనక అద్దాల టవర్లు.

1960ల్లో ఈ పేటంతా కూల్చేసి టవర్లు కడదామన్నారు. కింద వాల్ స్ట్రీట్, పక్కన కొత్తగా లేస్తున్న వరల్డ్ ట్రేడ్ సెంటర్, మధ్యలో చేపల కంపు కొట్టే పాత కొట్లు. ఎవరైనా అదే అంటారు. పీటర్ స్టాన్‌ఫర్డ్, ఆయన భార్య నోర్మా మరికొందరిని కూడగట్టుకుని 1967లో మ్యూజియం పెట్టారు. జేకబ్ ఇస్‌బ్రాంట్‌సెన్ అనే ఓడల వ్యాపారి చెయ్యి వేశాడు. బిల్డర్లకంటే ముందు తామే కొనేద్దామని భవనాలు కొనడం మొదలుపెట్టారు, అప్పులు చేసి మరీ. ఇస్‌బ్రాంట్‌సెన్ వ్యాపారం దెబ్బతింది, అప్పులు మిగిలాయి.

అప్పుడు ఒక ఉపాయం పన్నారు. నాలుగంతస్తుల కొట్టు మీద ఇంకా ఇరవై అంతస్తులు కట్టుకునే హక్కు ఉందనుకోండి, ఆ కట్టని అంతస్తుల హక్కుని (ఎయిర్ రైట్స్) వేరేవాళ్ళకి అమ్మొచ్చు. మన దగ్గర రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్ళకి ఇచ్చే టీడీఆర్ బాండ్లు తెలుసుగా, ఇంచుమించు అదే పద్ధతి. 1972లో నగరం ఈ పేటకి ప్రత్యేక నిబంధన పెట్టింది. బ్యాంకులు తమ బాకీ కింద ఆ ఎయిర్ రైట్స్ తీసుకున్నాయి. భూమి నగరం పరమైంది, మ్యూజియానికి లీజు దక్కింది. దగ్గర్లోని వేరే స్థలాల్లో టవర్లు ఇంకా ఎత్తు లేచాయి, ఇక్కడి కొట్లు నాలుగంతస్తుల దగ్గరే ఆగిపోయాయి. హైదరాబాద్ చార్మినార్ చుట్టూ, విశాఖ వన్ టౌన్‌లో ఇలాంటిది ఎవరైనా సీరియస్‌గా ప్రయత్నిస్తే బాగుండునని నాకు అనిపించింది. మనకి బాండ్లు ఉన్నాయి, వాటిని పాత గోడలు నిలబెట్టడానికి వాడాలన్న ఆలోచనే తక్కువ.

అయితే సొంతం కానిది సొంతం కానిదే. 1980ల్లో డబ్బు కోసం ఇక్కడ షాపింగ్ తెచ్చారు, 1983లో మార్కెట్ భవనం, రెండేళ్ళకి పియర్ 17 మీద మాల్. షాపుల అద్దెతో మ్యూజియం బతుకుతుందని అనుకున్నారు. చివరికి షాపులు ఇంటివాళ్ళయ్యాయి, మ్యూజియం వరండాలో మిగిలింది. 1822 నుంచి ఉన్న చేపల మార్కెట్ కూడా 2005లో బ్రాంక్స్‌కి వెళ్ళిపోయింది. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను నీళ్ళు వచ్చి కింది అంతస్తుల్లో కరెంటు, లిఫ్టులు అన్నీ పాడుచేశాయి. పూడ్చిన నేల కదా, నది తన చోటు గుర్తుపెట్టుకుంది. గ్యాలరీల సంగతి చాలా ఏళ్ళు అంతంత మాత్రమే. ఆ లెక్కన ఇప్పుడున్నది చూస్తే కోలుకున్నట్టే.

వాటర్ స్ట్రీట్‌లో ఎ. ఎ. థామ్సన్ గోడౌన్‌ని 2025లో గ్యాలరీగా తెరిచారు. 1868లో లోహాల వ్యాపారికి కట్టిన భవనం. మూడు అంతస్తుల్లో ఓడల నమూనాలు, బొమ్మలు, రేవులో పనిచేసినవాళ్ళ సామాన్లు. బాగుంది. మా అత్తయ్యగారికి ఓడల కంటే ఇదే నచ్చింది, ఏసీ ఉంది, మెట్లు నిటారుగా లేవు. సామాన్ల కంటే భవనం చూడండి అంటాను నేను. ఆ కలప దూలాల లావు చూస్తే పైన ఎంత బరువు పెట్టేవారో తెలుస్తుంది.

దాని పక్కనే నా అభిమాన చోటు, బౌన్ అండ్ కో ప్రెస్సు. 1775లో మొదలైన కంపెనీ పేరు మీద మ్యూజియం 1975 నుంచి నడుపుతున్న పాతకాలం అచ్చాఫీసు. రేవు చుట్టూ అచ్చాఫీసులు ఎందుకంటే, ఓడ వచ్చిందంటే రసీదులు, సరుకు జాబితాలు, ప్రకటనలు, అన్నీ కాగితమే. ట్రెడిల్ మిషన్ తొక్కుతూ కార్డులు కొడుతుంటారు. సీసం అక్షరాల అరల పెట్టెలు, సిరా వాసన. ఊళ్ళో పెళ్ళి శుభలేఖలు ట్రెడిల్ మీద కొట్టించిన తరం వాళ్ళెవరైనా ఇక్కడ అరగంట నిలబడిపోతారు. మావయ్యగారు మిషన్ పెడలు వైపు చూసి "దీనికి కాలు లయ ఉండాలి, చెయ్యి తొందరపడితే వేళ్ళు పోతాయి" అన్నారు. తొక్కుతున్న అమ్మాయికి చెప్పాను. ఆ అమ్మాయి నవ్వి, సరిగ్గా అదే మాకు మొదటి రోజు చెప్పేదని అంది. అక్కడ చేతితో అచ్చుకొట్టిన కార్డులు, నోట్‌బుక్కులు అమ్ముతారు. ధర మామూలు గ్రీటింగ్ కార్డుకంటే ఎక్కువ, అయినా ఫ్రిజ్ మ్యాగ్నెట్ల మీద తగలేసే డబ్బు ఇక్కడ పెట్టండి.

యాంబ్రోస్ అని ఎర్ర ఓడ ఉంటుంది, 1908 నాటిది. లైట్‌హౌస్ కట్టడానికి వీల్లేని చోట దీపం పెట్టుకుని నిలబడే ఓడ. డబ్ల్యు. ఓ. డెక్కర్ అనే 1930 నాటి చెక్క టగ్గు మీద సీజన్లో నదిలో తిప్పుతారు, టికెట్ వేరే. మేము ఎక్కలేదు, అత్తయ్యగారికి పడవంటే వాంతులు.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. కారు వద్దు. దగ్గర్లో ఒక గ్యారేజీలో మా స్నేహితులు పెట్టిన పార్కింగ్ బిల్లు మా అందరి భోజనం కంటే ఎక్కువయింది. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచైతే రైల్లో న్యూఅర్క్ పెన్ స్టేషన్ దాకా, అక్కడ పాత్ (PATH) రైలెక్కి వరల్డ్ ట్రేడ్ సెంటర్, దిగి ఫుల్టన్ స్ట్రీట్ పట్టుకుని నది వైపు తిన్నగా నడక. పెద్దవాళ్ళైనా నడవగలరు, మధ్యలో కాఫీకి ఆగొచ్చు. ఫుల్టన్ స్ట్రీట్, పెర్ల్ స్ట్రీట్ కలిసేచోట తెల్లటి చిన్న లైట్‌హౌస్ కనబడుతుంది, టైటానిక్‌లో పోయినవాళ్ళ జ్ఞాపకార్థం 1913లో పెట్టింది. అదే గుర్తు.

మ్యూజియం వారమంతా తెరిచి ఉండదు, సైట్లో చూసుకునే బయల్దేరండి. మేము వెళ్ళినప్పుడు టికెట్ మనకి తోచినంత ఇచ్చే పద్ధతిలో ఉంది. తోచినంత అన్నారు కదా అని మనం మన బుద్ధి చూపించుకోవద్దు. ఓడకి రంగు వేయడానికే ఎంతవుతుందో ఆలోచించి ఇవ్వండి. చీర కట్టుకుంటే ఓడ మెట్ల మీద ఇబ్బంది, చుడీదార్ వేసుకోమనండి. స్ట్రోలర్ ఓడ మీదికి వద్దు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పై డెక్కు వరకే చూసి, కింద సరుకు గది ఫోటో పిల్లలతో తెప్పించుకోండి. తిండి అక్కడ ఖరీదు, శాకాహారం వెతుక్కోవాలి. మేము పులిహోర కట్టుకెళ్ళాం, నది ఒడ్డున బెంచీలున్నాయి.

ఐదింటికి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ ఐదోది తగ్గించింది మ్యూజియం వాళ్ళ లోపానికి కాదు, ఆ పేట మొత్తం కాపాడినవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళాల్సి రావడానికి. ఎడమవైపు పియర్ 17కి తిరగకుండా ముందు వేవర్‌ట్రీ ఎక్కండి, తర్వాత ప్రెస్సు, తర్వాత గోడౌన్. వాలంటీర్లతో మాట్లాడండి, మీ పెద్దవాళ్ళు తమ అనుభవం తెలుగులో చెప్తే మీరు ఇంగ్లీషులో చెప్పండి, వాళ్ళు వింటారు. మా మావయ్యగారు ఆ రాత్రి భీమిలికి ఫోన్ చేసి తన పాత సెక్షన్ మేట్‌తో గంటసేపు బేళ్ళ లెక్కే మాట్లాడారు. ఆయన లెక్కకీ ఆ మేట్ లెక్కకీ కుదరలేదు, ఇంకా వాట్సాప్‌లో వాదన నడుస్తూనే ఉంది.